మామగారు బిషప్ అయిన ఆకురాలు కాలం

మా మామగారు అంబ్రోస్ హాలెట్ సముద్రం దాటి వెళ్ళి బిషప్ అయి తిరిగొచ్చిన ఏడు మా ఆపిల్ చెట్లు విరగకాశాయి. ఓడ దిగి ఇంటికొచ్చిన మర్నాడే ఆయన చొక్కా చేతులు పైకి మడిచి గుర్రాల కొట్టంలో పేడ ఎత్తుతున్నారు. అది చూడడానికి ఊళ్ళో సగంమంది ఏదో ఒక వంకతో మా కంచె దాకా వచ్చారు. బిషప్ అంటే ఆరు గుర్రాల బండీ, పట్టు బట్టలూ, రాజుగారి పక్కన కుర్చీ అని వాళ్ళ ఊహ.

"ఏమ్మా కెజియా, మీ మామగారికి మేడ ఎప్పుడు కడుతున్నారు?" అన్నాడు కమ్మరి సైలస్ క్రేన్, కంచె మీద మోచేతులు ఆనించి.

"ముందు ఈ కొట్టం కప్పు కారుతోంది. అది బాగుచేసిపెట్టు, మేడ గృహప్రవేశానికి నిన్నే మొదట పిలుస్తాం" అన్నాను.

అందరూ నవ్వారు. మామగారు కూడా పార ఆపి నవ్వారు. కానీ ఆ గుంపులో నవ్వనివాళ్ళు నలుగురైదుగురు ఉన్నారు. వాళ్ళు వెళ్తూ వెళ్తూ మా గేటు దగ్గర ఉమ్మేసి వెళ్ళారు.

యుద్ధం అయిపోయి పదేళ్ళయినా మా లోయలో అది ఇంకా పూర్తిగా అయిపోలేదు. సముద్రం అవతలి రాజుగారి మీద జనం తిరగబడిన రోజుల్లో, పాదిరిగా ఉన్న మామగారు ప్రతి ఆదివారం గుడిలో రాజుగారి క్షేమం కోసం చదివే ప్రార్థన మానలేదు. కిటికీలు పగలగొట్టారు, మానలేదు. జైల్లో పెట్టారు, అక్కడా చదివారు. ఆయన ఒక్కగానొక్క కొడుకు, నా భర్త మైల్స్, అదే రాజు మీద తుపాకీ పట్టి పోరాడి చచ్చిపోయాడు. అప్పటికి నేను కడుపుతో ఉన్నాను.

మైల్స్ శవాన్ని మా అన్నయ్య ఐరా ఎద్దుబండి మీద వేసుకుని నది ఎగువన ఉన్న మా పుట్టిల్లు హారో క్రాసింగ్‌కి తీసుకొచ్చి, అక్కడి గుడి ఆవరణలో పూడ్చాడు. మామగారు రాలేదు. యుద్ధం ముగిశాక అత్తగారికి పక్షవాతం వస్తే నాకు కబురు పెట్టారు. ఆరేళ్ళ పిల్లని వెంటబెట్టుకుని వచ్చి ఆవిడకి చేశాను. ఆవిడ పోయాక కూడా ఉండిపోయాను. నా కూతురు డోర్కస్‌కి తాతయ్య అంటే ప్రాణం. ఆయన దానికి గ్రీకు నేర్పారు. అది ఆయనకి ఈల వెయ్యడం నేర్పింది. ఆ ఇద్దరి మధ్యా నేను వంట చేస్తూ, బట్టలుతుకుతూ, ఏళ్ళు గడిపేశాను. మామగారికీ నాకూ మధ్య ఉప్పు, కట్టెలు, వాతావరణం తప్ప వేరే మాటలుండేవి కావు.

ఆ శరత్తులో ఆయనకి ఊపిరాడని పని. మా ఎపిస్కోపల్ సంఘానికి సముద్రానికి ఇవతల అంతవరకూ బిషప్పే లేడు. చిన్నప్పుడు బాప్తిస్మం పొందినవాళ్ళు పెద్దయ్యాక బిషప్ చేతులు తలమీద ఉంచి ప్రార్థిస్తే గానీ స్థిరీకరణ పూర్తి కాదు. ఆ చేతుల కోసం ఎదురుచూస్తూ జనం ముసలివాళ్ళయిపోయారు. మామగారు ఒంటిగుర్రపు బండిలో ఊరూరా తిరిగారు. డెబ్బై ఏళ్ళ ముసలమ్మలు పెళ్ళినాటి గౌన్లు తొడుక్కుని వచ్చి మోకాళ్ళూనేవారట. ఆయన ఇంటికొచ్చి భోజనం దగ్గర డోర్కస్‌కి ఆ కబుర్లు చెప్పేవారు. దగ్గు అప్పుడే మొదలైంది.

"తాతయ్యా, నా వంతు ఎప్పుడు?" అంది డోర్కస్ ఒకరోజు. దానికి పదహారు నిండాయి.

"ఎప్పుడంటే అప్పుడే. ఈ ఊరి గుడిలోనే చేద్దాం."

"ఇక్కడొద్దు. హారో క్రాసింగ్‌లో. నాన్న ఉన్నచోట."

మామగారు చెంచా కింద పెట్టారు. నేను కుండలో చారు కలుపుతూ వెనక్కి తిరగలేదు.

"సరే తల్లీ," అన్నారాయన. "అక్కడే."

*

ఆ కబురు మాకన్నా ముందే హారో క్రాసింగ్ చేరింది. మేం కొట్టంలో కూర్చుని మొక్కజొన్న పొత్తులు వొలుస్తుంటే మా అన్నయ్య ఐరా బుష్‌నెల్ గుర్రం దిగాడు. యుద్ధంలో కుడిచేతి రెండు వేళ్ళు పోయాయి వాడికి. ఇప్పుడు ఆ ఊరి గుడికి పెద్ద. గుడి తాళం వాడి దగ్గరే ఉంటుంది. మేనకోడల్ని ముద్దుపెట్టుకుని, నా వైపు తలూపి, టోపీ తియ్యకుండానే మామగారి ముందు నిలబడ్డాడు.

"మీరు మా ఊరొస్తున్నారని విన్నాను."

"విన్నది నిజమే ఐరా. కూర్చో. అమ్మాయీ, మీ అన్నయ్యకి తాగడానికేమన్నా తీసుకురా."

"తాగడానికి రాలేదు నేను. మా ఊళ్ళో ఇరవై ఇళ్ళు ఉంటే పదకొండు ఇళ్ళల్లోంచి మగవాళ్ళు యుద్ధానికెళ్ళారు. ఆ ఇళ్ళవాళ్ళ ముందు మీరు బిషప్పునంటూ నిలబడితే ఊరుకోవాలా? అప్పుడేమో రాజుగారు చల్లగా ఉండాలని ప్రార్థన. ఇప్పుడు రాజుని తరిమేసి మనం పెట్టుకున్న కాంగ్రెస్ చల్లగా ఉండాలని. రేపు ఫ్రెంచివాళ్ళొస్తే వాళ్ళ కోసమా?"

మామగారికి కోపం రాలేదు. చేతిలో పొత్తు వొలవడం పూర్తిచేసి గంపలో వేశారు. "పాదిరినయిన రోజున రాజుగారికి విధేయుడిగా ఉంటానని దేవుడి ముందు ప్రమాణం చేశాను. ఆయనే ఓడిపోయి ఒడంబడిక రాసి మనల్ని వదిలేశాడు. అప్పుడు నాకూ విడుదల దొరికింది. అంతవరకూ మాట తప్పడం నా చేతుల్లో లేదు."

"మాట గొప్పదా, కొడుకు గొప్పా?"

డోర్కస్ లేచి నిలబడింది. "మామయ్యా, ఇంక చాలు."

"నువ్వూరుకో పిల్లా. నేను చెప్పొచ్చేది ఒకటే. ఆయన మా గుడి మెట్లమీద నిలబడి, రాజుగారి ప్రార్థన చదవడం తప్పయిపోయిందని అందరూ వినేట్టు ఒక్కమాట అనాలి. అంటే తాళం నేనే తీస్తా, టోపీ కూడా తీస్తా. లేదంటే తలుపు తెరుచుకోదు."

"ఆలోచిస్తాను" అన్నారు మామగారు.

"మీరాలోచించరు. మీ సంగతి నాకు తెలుసు" అన్నాడు అన్నయ్య.

నేను వాణ్ణి సాగనంపడానికి గేటు దాకా వెళ్ళాను. గుర్రం కళ్ళెం పట్టుకుని నా మొహంలోకి చూశాడు.

"ఆ ఇంట్లో ఎలా ఉంటున్నావే చెల్లాయ్ ఇన్నేళ్ళుగా?"

"వంట చేసుకుంటూ."

"ఆ రోజు నువ్వు పక్కనే ఉన్నావుగా. అంతా చూశావుగా."

ఉన్నాను. చూశాను. మాకు పెళ్ళయి అప్పటికి ఏడాది కూడా కాలేదు. హారో క్రాసింగ్‌లో కాపురం. సైన్యంతో కలవడానికి వెళ్తూ మైల్స్ నన్ను తీసుకుని తెల్లవారకముందే ఈ ఇంటికొచ్చాడు. తండ్రి చేత దీవెన పొందకుండా వెళ్ళడం ఇష్టంలేదన్నాడు. తలుపు తట్టాడు. "నాన్నా, వెళ్తున్నాను, ఒక్కసారి రండి" అని పిలిచాడు. మంచు పట్టిన మెట్టు మీద టోపీ తీసి మోకాళ్ళమీద కూర్చున్నాడు. తలుపు తెరుచుకోలేదు. ఎండ వచ్చింది. లేచి మోకాళ్ళు దులుపుకుని వెళ్ళిపోయాడు. తర్వాత మూడు వారాలు కూడా బతకలేదు.

"డోర్కస్ ఆయన ముందు వంగుతుంది. అది చిన్నపిల్ల. దానికి తెలీదు," అన్నాడు అన్నయ్య గుర్రమెక్కుతూ. "నువ్వు?"

వాడు వెళ్ళాక గేటు గడియ వేశాను. నాకూ స్థిరీకరణ జరగలేదు. అందరితోపాటు నేనూ మోకాళ్ళూనతానని ఇంట్లో వాళ్ళు అనుకుంటున్నారు. మామగారు నన్ను అడగనూ లేదు. నేను చెప్పనూ లేదు.

*

అక్టోబరు చివర్లో బయల్దేరాం. మామగారు పగ్గాలు పట్టుకున్నారు, నేను ఆయన పక్కన, డోర్కస్ వెనక గడ్డిమీద. నది పక్క దారంతా బురద. ఎర్రటి మేపుల్ చెట్ల ఆకులు తడిసి చక్రాలకి అంటుకుంటున్నాయి. మొక్కజొన్న రొట్టె, ఉప్పు వేసిన పంది మాంసం మూటగట్టుకుని వెళ్ళాం. మామగారు రెండు ముద్దలు తిని చాలన్నారు. దగ్గినప్పుడల్లా బండి ఆపేవారు.

"మామగారూ, వెనక్కి వెళ్దామా?" అన్నాను.

"నువ్వు వెళ్దామంటే వెళ్దాం."

నేను ఆ మాట అనలేకపోయాను.

హారో క్రాసింగ్ చేరేసరికి సన్నగా వాన. గుడి మెట్లమీద అన్నయ్య నిలబడి ఉన్నాడు. వాడి వెనక పదిహేనుమంది దాకా మగవాళ్ళు. కింద ఆవరణలో, సమాధుల మధ్య, దుప్పట్లు కప్పుకుని నలభైమంది ఎదురుచూస్తున్నారు. మా అమ్మ హెప్జిబా ఇంటి నుంచి పీట తెచ్చుకుని దానిమీద కూర్చుంది.

"ఒరే ఐరా, తాళం తియ్యరా! వానలో నా మోకాళ్ళ గతేంటి?"

"తియ్యనమ్మా. ఇంటికెళ్ళి పొయ్యి దగ్గర కూర్చో."

"పొయ్యి దగ్గర బిషప్ ఉన్నాడా? అరవై ఏళ్ళు ఆగాను నేను ఈ రోజు కోసం. నువ్వు పుట్టకముందు నుంచీ ఆగాను."

జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. అన్నయ్య మొహం ఎర్రబడింది.

మామగారు బండి పక్కనే నిలబడి వెడల్పాటి తెల్లచేతుల అంగీ తొడుక్కున్నారు. వాన చినుకులు పడి ఆ చేతులు ఆయన మణికట్లకి అంటుకుపోయాయి. మెట్ల దాకా నడిచి ఆగారు.

"చెప్పండి," అన్నాడు అన్నయ్య. "అందరూ వింటున్నారు."

మామగారు నా వైపు తిరిగారు. "అమ్మాయీ, నా కొడుకు ఎక్కడున్నాడు?"

వేలితో చూపించాను. తూర్పు గోడ పక్కన, పలకరాయి. ఆయన అక్కడికి వెళ్ళారు. కళ్ళజోడు తుడుచుకుని రాయి మీద ఉన్నది పైకే చదివారు. పేరు, వయసు, దేశ స్వేచ్ఛ కోసం ప్రాణమిచ్చాడన్న మాట. ఆ మాట దగ్గర గొంతు ఆగలేదు. పూర్తిగా చదివారు.

"చదివారుగా," అన్నాడు అన్నయ్య మెట్లమీంచి. వాడి గొంతు మునుపటంత గట్టిగా లేదు. "ఇప్పుడన్నా అంటారా?"

"ఐరా, ప్రమాణం నిలబెట్టుకోవడం తప్పని నా మనసు చెప్పడంలేదు. మనసు చెప్పనిది గుడి తలుపు కోసం నోటితో అంటే అది అబద్ధం. నేను చేసిన తప్పు వేరే ఉంది. అది చెప్పుకోవలసింది నీకు కాదు."

"అయితే తలుపు తెరుచుకోదు."

"వద్దులే. దేవుడి ఆకాశానికి ఎవరూ తాళం వెయ్యలేదు" అని, మామగారు కొడుకు రాయి పక్కనే నిలబడి ప్రార్థన పుస్తకం తెరిచారు.

మొదట వంగింది మా అమ్మ. పీట మీంచి దిగి బురదలో మోకాళ్ళూనుతుంటే ఇద్దరు పట్టుకున్నారు. తర్వాత ఒక్కొక్కరే. మామగారు వరసలో నడుస్తూ ప్రతి తలమీదా రెండు చేతులూ ఉంచి ప్రార్థించారు. ఎవరి దగ్గరా తొందరపడలేదు. డోర్కస్ తండ్రి రాయికి భుజం ఆనించి మోకాళ్ళమీద ఉంది. దాని తలమీద చేతులుంచినప్పుడు ఆయన పెదాలు కదిలాయి గానీ మాటలు నాకు వినిపించలేదు.

తర్వాత నేను.

నేను వంగలేదు. ఆయన వచ్చి నా ఎదురుగా నిలబడ్డారు. తడిసిన చేతులు సగం పైకి లేచాయి. నా నడుం వంచుదామని నేను ప్రయత్నించిన మాట నిజం. నా ఒళ్ళు ఒప్పుకోలేదు.

"వద్దు మామగారూ" అన్నాను.

మెల్లగానే అన్నాను. అయినా అందరికీ వినబడింది. మెట్లమీంచి ఎవడో పెద్దగా అన్నాడు: "సొంత కోడలే వంగలేదర్రా! ఇంక మనకెందుకు?"

డోర్కస్ తల పైకెత్తి నన్ను చూసింది. మామగారు మాత్రం చేతులు దించి, "నీ ఇష్టమమ్మా" అని, నా పక్కనున్న ముసలి చెప్పులు కుట్టేవాడి దగ్గరికి వెళ్ళి, ఒక్క మాట తడబడకుండా ప్రార్థన అందుకున్నారు. చివరివాడి దాకా అలాగే వెళ్ళారు. మెట్లమీది మగవాళ్ళలో ముగ్గురు ఎవరి మొహమూ చూడకుండా దిగొచ్చి వరస చివర చేరారు. అన్నయ్య దిగలేదు.

అయిపోయాక వాడు నా దగ్గరికొచ్చాడు. "చెల్లాయ్, నువ్వొక్కదానివే మన పరువు నిలబెట్టావు. పద, నువ్వూ పిల్లా ఈ పూటకి ఇంటికి రండి. ఆయన బండిలో పడుకుంటాడో, చెట్టుకింద పడుకుంటాడో ఆయనిష్టం."

"పరువు కోసం చెయ్యలేదన్నయ్యా. నేను నీ పక్షం కాదు."

"మరి ఎవరి పక్షం?"

"నాకు తెలీదు" అన్నాను. నిజంగానే తెలీదు.

అమ్మ మా బండి దాకా కుంటుకుంటూ వచ్చి నా చేతిలో వేడి గుమ్మడికాయ రొట్టె పెట్టింది. "తిట్టనులే," అంది. "ఆయనకి పెట్టు. ఒళ్ళు కాలిపోతోంది, చూశావా?"

*

చూశాను. బండి ఊరు దాటేసరికి ఆయన పగ్గాలు పట్టుకున్న చేతులు వణుకుతున్నాయి. వాన తగ్గింది, గాలి పెరిగింది. రాత్రికి నాలుగు మైళ్ళ అవతల సత్రంలో ఆగుదామనుకున్నాం. వెనక డోర్కస్ నా వైపు వీపు పెట్టి కూర్చుంది.

చివరికి మామగారే అన్నారు. "నువ్వు సరిగ్గానే చేశావమ్మా."

"మైల్స్‌కి దొరకనిది నాకెందుకనిపించింది. అంతే."

ఆయన తలూపారు. గుర్రం నాలుగడుగులు వేశాక అన్నారు: "ఆ తెల్లవారుజామున నేను నిద్రలో లేను. తలుపు వెనకే ఉన్నాను. వాడు పిలవడం విన్నాను. గడియ మీద చెయ్యి వేశాను కూడా. తీస్తే... వాడి మొహం చూస్తే, నేను వాణ్ణి దీవిస్తాను. దీవిస్తే నా ప్రమాణం ఏమైపోతుందని..." దగ్గు వచ్చి ఆగారు. "దీవించడానికి ప్రమాణం అడ్డం కాదు. ఆ సంగతి నాకు అప్పుడే తెలుసు. తెలిసీ తియ్యలేదు. ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు."

"మాకు తెలుసు" అన్నాను.

ఆయన నా వైపు తిరిగారు.

"గడియ కదిలిన చప్పుడయింది మామగారూ. ఇద్దరం విన్నాం. నేను పోదాం పద అంటున్నాను, చలికి కాళ్ళు కొంకర్లు పోతున్నాయి. మైల్స్ రాలేదు. 'నాన్న లేచే ఉన్నారు, కెజియా. ఇంకాసేపు చూద్దాం' అన్నాడు."

మామగారు బండి ఆపారు. ఆపారో, ఆయన చేతుల్లో బలం పోయి గుర్రమే ఆగిందో తెలీదు. కిందికి దిగి, కళ్ళెం పట్టుకుని, గుర్రం మెడకి నుదురు ఆనించి నిలబడ్డారు. భుజాలు ఎగిరెగిరిపడుతున్నాయి. నేను అంతవరకూ ఆయన ఏడవడం చూడలేదు. అత్తగారు పోయినప్పుడు కూడా.

"ఎంతసేపు?" అన్నారు అటు తిరిగే.

జవాబు నాకు తెలుసు. ఆ మాట చెప్తే ఆయన ఇంక కోలుకోరేమోననిపించింది. చెప్పకపోతే మైల్స్ ఊరుకోడనిపించింది.

"ఎండ వచ్చేదాకా" అన్నాను.

డోర్కస్ దిగి వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకుంది. దాని మొహం కూడా తడిసిపోయి ఉంది. "తాతయ్యా, ఎక్కండి. జ్వరంగా ఉంది మీకు." ఆయన చిన్నపిల్లాడిలా దాని వెనక వచ్చారు. ఎక్కలేకపోతుంటే నేను చంకల కింద చేతులు వేసి పైకి లాగాను. ఎంత తేలికగా ఉన్నారో! ఇన్నేళ్ళూ ఆయన బట్టలు ఉతికాను, కంచంలో అన్నీ వడ్డించాను, కానీ ఆ మనిషిని ముట్టుకోవడం అదే మొదలు.

"నన్ను క్షమించమని అడగను" అన్నారు.

"అడగొద్దు."

అమ్మ ఇచ్చిన రొట్టె తుంచి ఆయన నోట్లో పెట్టాను. ఇంకా కాస్త వేడిగా ఉంది. తిన్నారు. గడ్డిమీద డోర్కస్ ఒళ్ళో ఆయన తల పెట్టి పడుకోబెట్టి, నా దుప్పటి కూడా కప్పి, పగ్గాలు నేను తీసుకున్నాను.

జ్వరం తగ్గడానికి నెల పట్టింది. క్రిస్మస్ కాకముందే, వైద్యుడు వద్దంటున్నా, ఇంకా వెళ్ళవలసిన ఊళ్ళున్నాయని కూర్చున్నారు. ఆయన చేతులు పగ్గాలు పట్టే స్థితిలో లేవు. ఆ చలికాలమంతా బండి నేనే తోలాను. ఏ గుడిలోనూ ఆయన ముందు మోకాళ్ళూనలేదు. ఆయన రమ్మనలేదు. నేను వెనక బల్లమీద కూర్చునేదాన్ని, గుర్రానికి చలి పెడుతుందేమోనని మధ్యలో లేచి వెళ్ళి చూసొచ్చేదాన్ని. హారో క్రాసింగ్ గుడి తాళం ఇంకో రెండేళ్ళకి గానీ తెరుచుకోలేదు. అది వేరే సంగతి.

కొత్త ఊళ్ళో బండి దిగగానే ఎవరో ఒకరు నన్ను చూసి, "ఈవిడెవరు బిషప్ గారూ, మీ అమ్మాయా?" అని అడిగేవాళ్ళు.

ఆయన నా చెయ్యి ఆసరాగా పట్టుకుని దిగుతూ, యుద్ధంలో మనుషుల్ని పోగొట్టుకున్న ఆ జనమందరికీ వినిపించేట్టుగా చెప్పేవారు.

"మా మైల్స్ భార్య."